పావు చుట్టు మావయ్య

కాలితో తొక్కే వస్తువు కంటపడితే చాలు, దాని మరను చేత్తో ఓ పావు చుట్టు తిప్పందే మా మావయ్యకి తిన్నది అరగదు. ఆ వస్తువు ఎవరిదన్నది ఆయనకి అనవసరం. బాగా లేకపోతే బాగుచేస్తాడు. బాగా ఉంటే ఇంకాస్త బాగుచేస్తాడు. ఈ రెండోదాంతోనే లోకానికి ఇబ్బంది.

ఆయన పని డ్రమ్ముల మరమ్మతు. డ్రమ్ సెట్టులో నేలకి ఆనించి నిలబెట్టిన పెద్ద డ్రమ్ము ఉంటుంది చూడండి, బేస్ డ్రమ్ము, దాన్ని చేత్తో కొట్టరు. దాని కింద ఒక పెడల్ ఉంటుంది. తొక్కితే చైన్ లాగుతుంది, సుత్తిలాంటి బీటర్ లేచి డ్రమ్మును మొత్తుతుంది, కాలు వదిలితే స్ప్రింగ్ దాన్ని వెనక్కి గుంజుతుంది. ఇంతే సంగతి. ఈమాత్రం దానికి ఒక నిండు జీవితం ధారపోయాలా అని మా అత్తయ్య అడుగుతుంది. ఆమె అడిగేసరికే ఆయన ధారపోసేశాడు.

మేడ మీద ముందు కొట్టు, వెనక ఇల్లు. పాత పరుపులు గోడలకి కొట్టిన రెండు గదులు, సాధన చేసుకునేవాళ్ళకి అద్దెకివ్వడానికి. వాటి ముందు మావయ్య బల్ల, బల్లకి ఎదురుగా అత్తయ్య కుర్చీ. నా చదువు మధ్యలో ఆగిపోయాక నన్నూ అక్కడే కూర్చోబెట్టారు. గదుల తాళాలు ఇవ్వడం, పుచ్చుకోవడం నా పని. పెద్దగా మాట్లాడే అవసరం లేదు కాబట్టి కావలసినంత చూశాను.

మావయ్య మెడలో దారానికి ఎప్పుడూ ఒక డ్రమ్ కీ, అంటే డ్రమ్ముల మరలు తిప్పే చిన్న తాళంచెవి లాంటిది, వేలాడుతుంటుంది. స్నానానికి కూడా తియ్యడు. "ఇంటి తాళం ఎక్కడ పెట్టారో పదిసార్లు అడగాలి గానీ, ఆ ముక్క మాత్రం పోగొట్టరు," అంటుంది అత్తయ్య.

ఒకసారి పన్ను నొప్పని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. డాక్టరు కాలితో తొక్కి పన్ను తొలిచే యంత్రాన్ని తిప్పుతున్నాడు. నోరు తెరుచుకుని ఉన్న మావయ్య చూపు కిందికి జారింది. డాక్టరు చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాడో లేదో, ఈయన కుర్చీ దిగి దాని కిందికి దూరాడు.

"అయ్యో, ఏం చేస్తున్నారండీ అక్కడ?"

"పావు చుట్టేనండి! మీ పెడల్ కొంచెం బద్ధకంగా లేస్తోంది."

తిరిగొచ్చి డాక్టరు దానిమీద కాలు మోపగానే యంత్రం కెవ్వుమని కేక పెట్టింది. బయట వరసలో కూర్చున్న ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మావయ్య పన్ను పన్నుగానే ఇంటికొచ్చింది.

ఇంకోసారి వీధిలో ఎవరిదో సైకిలు గోడకి ఆనించి ఉంటే దాని పెడల్ సరిచేస్తూ దొరికిపోయాడు. సైకిలాయన కాలరు పట్టుకున్నాడు. "దొంగనైతే ఎక్కి పోతాను గానీ, కింద కూర్చుని నూనె వేస్తానుటయ్యా?" అని మావయ్య తర్కం లాగాడు. ఆ తర్కం సైకిలాయనకి ఎక్కలేదు. అత్తయ్య వెళ్ళి విడిపించుకొచ్చింది.

"కాలు పెట్టే చోటల్లా చెయ్యి పెడితే ఇంతేనండీ. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఆ చేతిమీదే కాలు పెడతారు," అంది దారంతా.

ఇక బాగుచేసిన పెడల్ గట్టిదా కాదా అన్నది మావయ్య నోటిమాటతో ఒప్పుకోడు. పొద్దున్న కాఫీ నుంచి మధ్యాహ్నం భోజనం దాకా దాన్ని తొక్కుతూనే ఉంటాడు. ఓ చేత్తో పేపరు, కింద కాలు ధడ్, ధడ్, ధడ్. మా కింద సెలూను. సెలూనాయన కత్తి పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాడు. చూసేవాళ్ళకి గుండె ఆగేది గానీ, పాపం ఆయన వచ్చేది బతిమాలడానికి.

"సార్, మీకో దండం. గడ్డం గీసేటప్పుడు మాత్రం కొట్టకండి. మీ ధడ్‌కీ నా చెయ్యి అదురుతోంది. వచ్చినాయన రెండు చెంపలకీ కాగితం ముక్కలు అంటించుకుని పోయాడు."

"చాలా రోజులు మన్నాలి కదండీ మరి," అన్నాడు మావయ్య.

"పెడలా, నా గిరాకీయా?"

ఇలాంటి మనిషికి ఉక్కుపాదం గారితో స్నేహం కుదిరింది.

ఉక్కుపాదం అనేది ఆయనకి బ్యాండువాళ్ళు పెట్టిన పేరు. ఆయనకి ఎంత నచ్చిందంటే, అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూడరు. పెద్ద హోటల్లో సాయంత్రాలు డాన్సు హాల్లో డ్రమ్స్ వాయిస్తారు, పగలు తన పెడల్ సంచిలో పెట్టుకుని సాధనకి మా గదికి వస్తారు. ఇత్తడి గుండీల కోటు. మావయ్య కంటే చాలా పెద్ద. ఆయనకి రెండే గొప్పలు: ఒకటి తన కుడికాలు, రెండు ఆ కాలి కింద పెడల్.

"ముప్పై ఏళ్ళయిందమ్మా దీన్ని కొని," అని నాతో చెప్పేవారు, తాళం కోసం వచ్చిన ప్రతిసారీ. "ఒక్క మర మార్చలేదు. ఒక్క స్ప్రింగ్ వెయ్యలేదు. ఇప్పుడొస్తున్నవన్నీ తగరం. ఇదీ వస్తువంటే!"

నేను తలూపేదాన్ని. ఆయన వెనక బల్ల దగ్గర మావయ్య కూడా బుద్ధిగా తలూపేవాడు.

ఆ పెడల్లో పాతది ఏదైనా మిగిలి ఉంటే అది ఆయన గొప్ప మాత్రమే. ఆయన గదిలో కునుకు తీసినప్పుడో, అత్తయ్యతో టీ తాగుతూ లోకాన్ని తిట్టేటప్పుడో మావయ్య ఒక్కో ముక్కే మార్చేశాడు. ముందు చైన్. తర్వాత స్ప్రింగ్. తర్వాత కీలు. చివరికి కాలు పెట్టే పలక కూడా. కొత్త పలకకి ముసలితనం తెప్పించడానికి ఆయన పడ్డ పాట్లు నేను చూశాను. గరుకు కాగితంతో రుద్దాడు, టీ డికాక్షన్ పూశాడు, ఉక్కుపాదం గారి మడమ ఎక్కడ పడుతుందో అక్కడ ఆకురాయితో గీతలు పెట్టాడు. అంత శ్రద్ధగా ఎవరూ కొత్త వస్తువును పాడుచెయ్యరు.

"మీకేమైనా పిచ్చా?" అంది అత్తయ్య.

"పాత ముక్క అరిగిపోయిందే."

"అరిగిందని చెప్పి మార్చండి!"

"చెప్తే ఒప్పుకోరు కదా."

ఉక్కుపాదం గారికి అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది. "ఏమోయ్, నా పెడల్ ముట్టుకున్నావా?"

"పావు చుట్టేనండి మాస్టారూ!"

"నీ పావు చుట్టు తగలెయ్య! ఈ కొట్లో నీ చెయ్యి పడని వస్తువు ఒక్కటైనా ఉందా?" అని అరిచేవారు. అంతటితో అయిపోయేది. మావయ్య చేతి తీట సంగతి తెలియనిదెవరికి? ఇంకో కారణం వెతకాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఇంతలో హోటలుకి కొత్త మేనేజరు వచ్చాడు. హాలుకి రంగులు మార్చాడు, దీపాలు మార్చాడు, ఇక మనుషుల వంతు వచ్చింది. ఉక్కుపాదం గారి కుడి మోకాలు అప్పటికే బాగా వాచి ఉంది. మా మెట్లెక్కుతూ సెలూను బోర్డు చదువుతున్నట్టు మధ్యలో ఆగేవారు. రోజూ అదే బోర్డు. ఇంట్లో ఆయన ఒక్కరే. సాయంత్రం కోటు వేసుకుని వెళ్ళడానికి ఆయనకి ఉన్నది ఆ హాలొక్కటే. ఆ కుర్చీ పోతే కోటుకీ మనిషికీ పని ఉండదు.

మేనేజరు ఒక కుర్రాణ్ణి చూసుకున్నాడు. ఇద్దరూ వాయిస్తే విని ఎవరిని ఉంచాలో తేలుస్తానన్నాడు. హాల్లో తివాసీ పని జరుగుతోందని, ఆ పరీక్ష మా పెద్ద గదిలో పెట్టారు.

"ఆయన కుర్చీ ఊడిందంటే మీ వల్లే," అంది అత్తయ్య ఆ పొద్దున. "ముసలాయన పెడల్‌ని కెలికి కెలికి పెట్టారు. ఇవాళ గనక అది మొరాయించిందో, నేను మీ తరఫున మాట్లాడను. ఆయన తరఫున మాట్లాడతాను."

మావయ్య డ్రమ్ కీని చొక్కా లోపలికి తోసుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. మేనేజరుకి మెరిసే బూట్లు. కుర్రాడు మర్యాదస్తుడే, వచ్చీ రాగానే పెద్దాయనకి నమస్కారం పెట్టాడు. ఉక్కుపాదం గారు మాత్రం నమస్కారంతో మెత్తబడే రకం కాదు.

"ముందు ఇతన్నే కానీయండి. నా సెట్టు మీదే, నా పెడల్ మీదే! తగరం తొక్కిన కాళ్ళు కదా, ఉక్కు తొక్కితే తెలుస్తుంది."

కుర్రాడు కూర్చుని మొదలుపెట్టాడు. చేతులు చక్కగా నడిచాయి. కాలు దగ్గరే వచ్చింది చిక్కు. మొదటి దెబ్బ ధడ్‌మంది. రెండోసారి కాలు దిగేసరికి బీటర్ ఇంకా వెనక్కి రానేలేదు. ధడ్... ఫుస్. ధడ్... ఫుస్. కుర్రాడు ఆగిపోయి వంగి చూశాడు.

"స్ప్రింగ్‌లో అసలు బిగువే లేదు సార్. నేను కొంచెం గట్టిగా తొక్కితే ఇది లేవడం లేదు. ఎవరైనా బిగిస్తే బాగుంటుంది."

మేనేజరు మావయ్య వైపు తిరిగాడు. "మీరే కదా మరమ్మతు చేసేది? కాస్త బిగించండి."

గదిలో అందరం మావయ్యనే చూశాం. పళ్ళ డాక్టరు కుర్చీ కింద దూరిన మనిషి. పిలవని చోటికల్లా వెళ్ళి తిప్పిన మనిషి. ఇవాళ అందరి ఎదుటా ఆయన్ని ఒకరు నోరు తెరిచి అడిగారు.

మావయ్య రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"బాగానే ఉందండీ అది. ముట్టుకోను."

అత్తయ్య చేతిలో టీ గ్లాసు ఒలికింది. నేను ఆ పెడల్ కేసి చూశాను. బీటర్ డ్రమ్ముకి మామూలు కంటే బాగా దగ్గరగా ఉంది, తక్కువ దూరం నడిస్తే సరిపోయేలా. పలక మడమ వైపు ఎత్తుగా ఉంది, మోకాలు ఎక్కువ మడవక్కర్లేకుండా. స్ప్రింగ్ సన్నది. చంటిపిల్ల పాదం ఆనించినా దిగుతుంది. అది బలమైన కాలు తొక్కే పెడల్ కాదు. అది నొప్పి పెట్టే మోకాలికి కొలత తీసి చేసిన పెడల్. ఏళ్ళ తరబడి ఆ మోకాలు ఎంత దిగజారితే ఇదీ అంత దిగుతూ వచ్చింది. ఇప్పుడు బిగిస్తే కుర్రాడికి బాగుంటుంది, తర్వాత కూర్చునే ఆయన బండారం పదిమందిలో బయటపడుతుంది.

"ముట్టుకోకపోతే ఎలా?" అన్నాడు మేనేజరు, చిరాగ్గా.

"ఈ అబ్బాయికి వేరేది ఇస్తానండి." మావయ్య కుర్రాడి బూట్ల అడుగులు చూపించమన్నాడు. కుర్రాడు తెల్లబోయి కాలెత్తాడు. "మునివేళ్ళతో కొడతావన్నమాట," అని గొణుక్కుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక పెడల్ తీసి సరిచేసి తెచ్చి బిగించాడు. అన్యాయం చెయ్యలేదు. ఈసారి కుర్రాడి దెబ్బలు వడగళ్ళలా పడ్డాయి. వింటున్న ఉక్కుపాదం గారి ముఖం కొంచెం చిన్నబోయింది.

తర్వాత మావయ్య పాతదాన్ని మళ్ళీ బిగించాడు. ఉక్కుపాదం గారు కూర్చున్నారు. కోటు గుండీలు సర్దుకున్నారు. ఆయనది వేగం కాదు. నెమ్మదిగా, గుండె కొట్టుకున్నట్టు, ఒక్కటీ తప్పకుండా, ఒక్కటీ తొందరపడకుండా వాయించారు. మోకాలు కదిలీ కదలనట్టుంది. మేనేజరుకి సంగీతం గురించి ఏమీ తెలియదన్నది ఆయన ముఖం చూస్తేనే తెలుస్తుంది. కాని ఆయన మెరిసే బూటు మాత్రం ఆయనకి చెప్పకుండానే నేలమీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. అదెవరిదోలాగా దానివంక చూసుకున్నాడు.

"కుర్రాడు బాగా కొట్టాడు. వింటూ కూర్చోవచ్చు," అన్నాడు చివరికి. "కానీ మా హాలుకి వచ్చేవాళ్ళు కూర్చోడానికి రారు. మామూలు రోజుల్లో పెద్దాయనే ఉంటారు. ఆదివారం నువ్వు రా బాబూ."

అందరూ వెళ్ళాక ఉక్కుపాదం గారు మావయ్య మీదికి వచ్చారు.

"చూశావుటోయ్! నువ్వెంత కెలికి పాడుచేసినా, నా పాదం గట్టిది కాబట్టి నెగ్గుకొచ్చింది. ఆ పిల్లాడికి చాతనయిందా? మోకాలు కూడా, కొత్తగా ఓ నూనె రాసినప్పట్నుంచీ దూదిపింజలా ఉంది. ఇకమీదట నా పెడల్ జోలికొచ్చావంటే మర్యాద దక్కదు."

"తప్పయిపోయింది మాస్టారూ," అన్నాడు మావయ్య.

"అది కాదు అన్నయ్యగారూ..." అని అత్తయ్య లేవబోయింది. మావయ్య ఆమెకేసి చూశాడు. ఆమె కూర్చుంది. నేను ఎరిగినంతలో ఒక మాట ఆమె నోట్లోంచి వెనక్కి వెళ్ళడం అదే మొదలు. ఉక్కుపాదం గారు ఈలవేసుకుంటూ మెట్లు దిగిపోయారు.

అత్తయ్య చాలాసేపు మావయ్యనే చూస్తూ కూర్చుంది. నేను ఏదో మంచి మాట వస్తుందని ఎదురుచూశాను.

"ఏవండీ," అంది నెమ్మదిగా. "ఈ మధ్య నా కుట్టుమిషను తొక్కుడు మరీ తేలిగ్గా ఉంటోంది. నా కాళ్ళలో సత్తువ తగ్గలేదని పక్కింటావిడతో చెప్పుకున్నాను కూడా."

మావయ్య కిటికీలోంచి వీధిని చాలా ఆసక్తిగా చూడసాగాడు.

"అంటే నేను ముసలిదాన్నైపోయానన్నమాట! మొహాన చెప్పే ధైర్యం లేక మిషనుకి చెప్పారన్నమాట!"

"నేనెప్పుడన్నానే?"

ఆమె విసురుగా లేచి లోపలికి వెళ్ళింది. తలుపు ధడేల్‌మంది. కాసేపటికి మిషను మెత్తగా తిరగడం వినిపించింది, కొంతదూరం నడిచి ఆగింది, మళ్ళీ నడిచింది. అటు తర్వాత లోపల్నుంచి అత్తయ్య గొంతు వచ్చింది, కోపం ఏమాత్రం తగ్గకుండానే:

"ఎడమవైపు ఇంకా బరువుగానే ఉంది! చేసేవాళ్ళు సరిగ్గా చెయ్యద్దూ?"

మావయ్య అప్పటికే మిషను వైపు సగం దూరంలో ఉన్నాడు.