ఆకాశం పత్రిక ఇంకా రావాలి

ఫోను వచ్చేసరికి నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆదివారం పాత పుస్తకాల కుప్పల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. మా లైబ్రరీలో పత్రికల విభాగం చూసే మేడమ్ తమ్ముడు చేశాడు. "అక్క పోయిందమ్మా. పొద్దుగాల్నే. నేను చాయ్ తేనీకి కిందికి పోయి వచ్చేసరికి అయిపోయింది" అన్నాడు. నేను "అలాగేనండీ" అన్నాను. చావు కబురు చెబితే అలాగేనండీ అనే మనిషి ఎక్కడైనా ఉంటుందా? నా నోట్లోంచి మాత్రం అదే వచ్చింది. కుప్పల వెనక కూర్చున్న పుస్తకాలాయన నా మొహం చూసి, "మేడమ్‌కి తబియత్ ఎట్లుందమ్మా? ఈ వారం గూడ రాలే" అని అడిగాడు. చేతిలో ఉన్న సంచికని కుప్ప మీద పెట్టేసి ఆయనకీ ఆ కబురు చెప్పాను.

ఆ ఫుట్‌పాత్ ఆమెదే. ఆదివారం చర్చి కాగానే అదే తెల్ల చీరతో నేరుగా అబిడ్స్ వచ్చి పుస్తకాల మధ్య కూర్చునేది. వెతికేది పుస్తకాల కోసం కాదు, మా లైబ్రరీకి పోస్టులో అందకుండా పోయిన పత్రికల సంచికల కోసం. బైండు చేయించిన సంపుటంలో ఒక్క సంచిక తక్కువైనా ఆమెకి పంటిలో పీచు ఇరుక్కున్నట్టు ఉండేది. ఇంటికెళ్ళేసరికి కుచ్చిళ్ళు మట్టికొట్టుకుపోయేవి. "దేవునికి తెల్ల చీర, పత్రికలకు మట్టి చీర. ఒక్క చీరతోని రెండు పనులైతయి" అనేది. ఆ ఆదివారం ఆమె దవాఖానలో ఉంది కాబట్టి, ఆమె బదులు వెతకడానికి నేను వెళ్ళాను.

మా లైబ్రరీ నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉంటుంది. ఒక ట్రస్టు నడుపుతుంది. నా ఉద్యోగం కౌంటరులో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం, మధ్యాహ్నాలు మేడమ్‌కి సాయం. ఆమెది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. మాది మా తాతగారి కాలంలో గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. నేను మాట మాటకీ అండీ అంటుంటే ఆమె నవ్వేది. "నీ అండీలన్నీ ఒక డబ్బాల ఏసి పెట్టు బిడ్డా, పండుగలకు వాడుకుందాం" అనేది. నేను మానలేదు. ఆమె ఆటపట్టించడమూ మానలేదు.

ఆమె చేసే పని ఏమిటో బయటివాళ్ళకి చెబితే అర్థమయ్యేది కాదు. పుస్తకం ఒకసారి వస్తుంది, రికార్డు రాస్తే అయిపోతుంది. పత్రిక అలా కాదు. వస్తూనే ఉండాలి, వచ్చిందో లేదో ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉండాలి. వెనకటికి ఒక్కో పత్రికకి ఒక్కో కార్డు ఉండేది, తర్వాత కంప్యూటరు వచ్చింది. కంప్యూటరులో ప్రతి సంచిక పక్కన ఒక మాట ఉంటుంది. రావాలి, వచ్చింది, ఆలస్యం, అడిగాం. అసలు పత్రికే నిలిచిపోతే 'ఆగిపోయింది' అని నొక్కాలి. ఆ చివరిది నొక్కడానికి ఆమెకి చెయ్యి వచ్చేది కాదు. "రాలేదంటే ఇగ రాదని కాదు బిడ్డా. రావాలె అని" అనేది.

'అడిగాం' అనే మాట దగ్గర ఆమెకో పట్టింపు ఉంది. వేరేచోట్ల అయితే ఆలస్యమైన సంచికలన్నిటినీ ఒక్కసారి ఎంచుకుని 'అడిగాం' అని నొక్కేస్తారు. ఎవరినీ అడగరు. ఈమె అలా ఒప్పుకోదు. ముందు సంపాదకుడికి పోస్టుకార్డు రాయాలి. అదీ మా సందు చివర డబ్బాలో వేస్తే కుదరదు, ఆ డబ్బా ఎప్పుడు తెరుస్తారో దేవుడికెరుక. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా నడిచి వెళ్ళి వేయాలి. అప్పుడు వెనక్కి వచ్చి నొక్కాలి. "ఇంత ఎండలో ఎందుకండీ, ముందు నొక్కేసి సాయంత్రం వెళ్తూ వేద్దాం" అని ఒకసారి అన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "అడగకముందే అడిగినం అంటే అబద్ధమైతది గద. కంప్యూటర్‌కు తెల్వది సరే. మనకు తెలుస్తది" అంది. తర్వాత మొజంజాహీ మార్కెట్ దగ్గర నాకు సీతాఫలం ఐస్‌క్రీం ఇప్పించింది. ఆమె కోప్పడితే ఐస్‌క్రీం ఖాయమని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె అలా పోస్టుకార్డులు రాసినవాటిలో మేం ఆకాశం పత్రిక అని పిలుచుకునేది ఒకటి ఉంది. బడి పిల్లల కోసం నక్షత్రాల గురించి తెలుగులో మూడు నెలలకోసారి వచ్చే చిన్న పత్రిక. మెదక్ అవతల ఒక చిన్న ఊళ్ళో రిటైరైన లెక్కల మాస్టారు ఒక్కరే రాసి, పటాలు గీసి, అచ్చు వేయించి పంపేవారు. ప్రతి సంచిక మధ్యలో మడత విప్పితే ఆ మూడు నెలల ఆకాశం ఉండేది. ఏ చుక్క ఏ వేళకి ఎటువైపు ఉంటుందో ఆయన చేత్తో గీసిన పటం. మాస్టారికి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి ఫోను లేదు. ఆయనతో ఆమె పరిచయమంతా పోస్టుకార్డుల మీదే. ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. పత్రిక మొదటి సంచిక నుంచి వరసగా మా దగ్గర ఉంది. మాస్టారి దగ్గర కూడా అన్నీ లేవట, ఒక వానాకాలం ఇల్లు కురిసి తడిసిపోయాయని ఆయనే రాశారు.

ఆ పటం వచ్చినరోజు ఆమె మధ్యాహ్నం డబ్బా తినకుండా లైబ్రరీ డాబా ఎక్కేది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్ డాబా మీద పడుకుని చుక్కలు చూస్తూ నిద్రపోయేవాళ్ళట. పట్టపగలు, నాంపల్లి పొగలో, పటం నెత్తి మీదికి ఎత్తిపట్టుకుని, "గీడ ఉంటది చూడు, గిటు పక్క" అని నాకు చూపించేది. "ఇక్కడ రాత్రి కూడా ఒక్కటీ కనపడదు కదండీ" అంటే, "కనబడకపోతేంది, ఉన్నయి గద" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. కనపడనివి చాలా వరకు పోయినవే.

రెండేళ్ళ కిందట ట్రస్టు కమిటీ ఒక నియమం పెట్టింది. పత్రికల గదిని ఖాళీ చేసి, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకి ఏసీ హాలు కట్టాలని వాళ్ళ ఆలోచన. పిల్లలకి చోటు కావాల్సిందే, ఆ మాట కాదనను. స్టేషన్ బెంచీల మీద కూర్చుని చదువుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాను. నియమం ఏమిటంటే, ఏడాదిలో ఒక్క సంచికా రాకుండా, మేం అడిగినట్టూ నమోదు కాకుండా ఉన్న పత్రికని మార్చి నెలాఖరుకి కంప్యూటరే 'ఆగిపోయింది' అని మార్చేస్తుంది. ఆగిపోయినవాటి పాత సంపుటాలు తీసేస్తారు. సెక్రటరీ గారు మర్యాదగానే చెప్పారు. "ఇవి ఎవరు చదువుతున్నారమ్మా? మీరే చెప్పండి." మేడమ్, "ఇయ్యాల ఎవ్వరు చదువుతలేరు సార్" అని ఒప్పుకుంది. "రేపు అడిగితే యాడికెల్లి తెస్తం?" ఆయన వాచీ చూసుకున్నారు. మీటింగు ముగిసింది.

అప్పటి నుంచి ఆమె పని ఒక్కటే, ఆకాశం పత్రికని మార్చి దాటించడం. మొదటి ఏడు దాటించింది. ఈ ఏడు మాస్టారి దగ్గర నుంచి ఒక్క సంచికా రాలేదు. వేసవిలో కార్డు రాద్దామంటే, "పెద్దమనిషిని ఊకె సతాయించొద్దు, సంక్రాంతి దాటినంక రాద్దాం" అంది. సంక్రాంతి దాటాక ఆమెకి కాళ్ళు వాచాయి. మార్చి మొదట్లో ఒకరోజు డ్యూటీకి వచ్చి, వచ్చిన సంచికల మీద వేసే తేదీ ముద్రని ఆ రోజుకి తిప్పుకుని, రెండు పత్రికలకి ముద్ర వేసి, కుర్చీలోంచి లేవలేకపోయింది. మూత్రపిండాలన్నారు. ఆమె కుర్చీ అలాగే ఉంది, మీద శాలువా కూడా.

శనివారం సాయంత్రం నేను దవాఖానకి వెళ్ళాను. ఆమె నా మొహం చూడగానే తన ఒంటి సంగతి కాదు, నెలాఖరు సంగతి ఎత్తింది. "ఆకాశం ఉన్నది గద బిడ్డా. కార్డు తెచ్చినవా?" తెచ్చాను. ఆమె పడుకునే చెప్పింది, నేను మంచం అంచు మీద పెట్టి రాశాను. "అయ్యా, చలికాలం సంచిక కూడా అందలేదు. ఎదురుచూస్తున్నాం. తొందరేం లేదు, కానీ రావాలి." పత్రికల రికార్డులు తెరిచే అనుమతి ఆమె ఒక్కదానికే ఉండేది. తన పాస్‌వర్డు నా చెవిలో చెప్పింది. వాళ్ళ ఊరి పేరు, అంతే. "కార్డు ఏసినంకనే నొక్కు. ముందు నొక్కకు" అంది. "అలాగేనండీ" అన్నాను. "నీ అండీలు" అని నవ్వబోయింది, దగ్గు వచ్చింది.

అక్కడి నుంచి ఆటోలో అబిడ్స్ వెళ్ళి పెద్ద పోస్టాఫీసు డబ్బాలో కార్డు వేశాను. అప్పటికి లైబ్రరీ మూసేశారు. ఆదివారం సెలవు. సోమవారం పొద్దున్నే నొక్కుదామనుకున్నాను. ఆదివారం ఆమె పోయింది.

సోమవారం మధ్యాహ్నం సమాధి కార్యక్రమం. పొద్దున నేను ముందు లైబ్రరీకి వెళ్ళాను, ఎందుకంటే అది ఆమె చెప్పిన చివరి పని. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని వాళ్ళ ఊరి పేరు కొట్టాను. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టాను. ఆఫీసు మేనేజరు వచ్చి, "ఆమె లాగిన్ పొద్దున్నే తీసేశామమ్మా. రూల్ ప్రకారం తియ్యాలి" అన్నాడు. గుమ్మం పక్కన ఆమె కోసం తెచ్చిన పూలదండ ఇంకా పొట్లం విప్పలేదు. లాగిన్ మాత్రం తీసేశారు. నెలాఖరు వచ్చేసిందనీ, కార్డు వేసేశామనీ, ఒక్కసారి నొక్కితే చాలనీ చెప్పాను. "అప్లికేషన్ పెట్టు, కమిటీలో పెడతాం" అన్నాడు. చెడ్డవాడు కాదు. సమాధి దగ్గర అందరికంటే ముందు మట్టి వేసింది అతనే. పెద్ద పాదిరి గారు పాట ఎత్తుకున్నారు.

అప్లికేషన్ పెట్టాను. నెలాఖరు దాటింది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పాత పేపర్లవాళ్ళ ట్రాలీ ఆటో వచ్చింది. బేగం బజార్ నుంచి ఆమె మోసుకొచ్చిన సుతిలి తాడుతోనే ఆకాశం పత్రిక సంపుటాలు కట్టి ఉన్నాయి. నేను అడ్డం వెళ్ళాను. మేనేజరు, "మన చేతుల్లో ఏముందమ్మా" అన్నాడు. ముందు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది, తర్వాత అదీ పోయింది. ముందే నొక్కేసి ఉంటే, అన్న మాట నేను చాలాసార్లు అనుకున్నాను. శనివారం దవాఖాన నుంచి నేరుగా లైబ్రరీకి వెళ్ళి నొక్కేసి, తర్వాత కార్డు వేసి ఉంటే అవన్నీ ఇవాళ బీరువాలో ఉండేవి. ఆమె అబద్ధం ఆడనివ్వలేదు. ఆ నిజాయితీతో ఆమెకి ఏం దక్కిందో, మాస్టారికి ఏం దక్కిందో నాకు తెలీదు. ప్రతి ఆదివారం అబిడ్స్ వెళ్ళి ఆ సంపుటాల కోసం చూస్తున్నాను. పుస్తకాలాయన తల అడ్డంగా ఊపుతాడు. "గవి గీడికి రావమ్మా. సీదా కాయితం మిల్లుకు, గుజ్జుకే పోతయి."

వానలు పడ్డాక పోయిన వారం పోస్టులో ఒక గోధుమరంగు కవరు వచ్చింది. పత్రికల విభాగం మేడమ్ గారికి అని ఉంది. లోపల ఆకాశం పత్రిక, చలికాలం సంచిక. వెంట ఒక చీటీ. "అమ్మా, మీ కార్డు అందింది. ఈసారి అక్షరాలు మీవి కావు, మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. కంటి ఆపరేషన్ వల్ల ఆలస్యమైంది. చలికాలపు ఆకాశం వానాకాలంలో పంపుతున్నందుకు మన్నించాలి. తరువాతి సంచిక మొదలుపెట్టాను. దయచేసి మా పేరు కొట్టెయ్యవద్దు."

పత్రికల రికార్డుల అనుమతి ఇప్పుడు నాకు ఇచ్చారు. తెరిచి చూశాను. ఆ పత్రిక పేరు పక్కన 'ఆగిపోయింది' అని ఉంది. వచ్చిన సంచికని 'వచ్చింది' అనడానికి గడి లేదు. మళ్ళీ తెరిపించమని మేనేజరుని అడిగితే, "వెనకటివి ఒక్కటీ లేని పత్రికకి రికార్డు ఎందుకమ్మా?" అన్నాడు. మాస్టారికి జవాబు రాద్దామని కార్డు ముందు పెట్టుకుని రోజూ కూర్చుంటున్నాను. అయ్యా అని రాసి ఆగిపోతున్నాను.

నిన్న ఆ సంచిక మడత విప్పి ఆమె టేబులు మీద పరిచాను. జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం, ఆ చేతి గీతలతోనే, ఈసారి కొంచెం వణుకుతూ. పక్కన తేదీ ముద్ర ఉంది. ఆమె చివరిసారి తిప్పిన తేదీ దాని మీద అలాగే ఉంది, మార్చి మొదటి వారం. ఆ రోజు చుక్కలు ఆ పటంలో ఉన్నాయి. ముద్ర చేతిలోకి తీసుకున్నాను. ఇవాళ్టి తేదీకి తిప్పలేకపోయాను, తిప్పకుండా వేస్తే అబద్ధమవుతుంది. పటం అలా పరిచే ఉంచి, ఎగిరిపోకుండా ఒక మూల మీద ముద్ర పెట్టి వచ్చాను.