పన్నెండు కార్డులు

నాణ్యత అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. కొన్నేళ్ళ పాటు ఆ మాట పట్టుకుని ఊరేగినవాణ్ణి నేనూ కాబట్టి, ఆ మంట సగం నా మీదే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో హిందూపురంలో తాగుడు మాన్పించే కేంద్రంలో కౌన్సెలర్‌గా ఉండేవాణ్ణి. పది మంచాలు, ఇద్దరు నర్సులు, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు. నెల రోజులు ఉంచుకుని పంపేవాళ్ళం. వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ తాగి మళ్ళీ మా గేటు ముందుకే వచ్చేవాళ్ళు. ఆ జబ్బు తీరే అంత. కేంద్రాన్ని నడిపే కమిటీకి మాత్రం అది మా చేతగానితనంలా కనిపించింది. నాణ్యత పెంచండి, ఫలితాలు మెరుగుపరచండి అన్నారు.

మెరుగుపరిచింది నేనే. ఇంటికి వెళ్ళే ప్రతి మనిషికీ మా చిరునామా అచ్చేసిన పోస్టుకార్డులు పన్నెండు ఇచ్చి, నెలకొకటి వేయమన్నాం. కార్డు మీద రెండు గళ్ళు: తాగుతున్నాను, తాగడం లేదు. ఒకదాంట్లో టిక్కు పెట్టి కింద సంతకం చేయాలి. ఏడాదిలోపు మళ్ళీ తాగినవాణ్ణి తిరిగి చేర్చుకోకూడదని నియమం కూడా పెట్టించాను. కొత్తవాళ్ళకు చోటు దక్కాలని పైకి చెప్పాం. తిరిగొచ్చినవాడు మా ఫలితాలు చెడగొడతాడన్నది లోపలి మాట.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి ఒకాయన, చేతులు వణికి పోగు అతకలేని స్థితిలో మా దగ్గర చేరాడు. నెలలో బాగానే తేరుకున్నాడు. వెళ్ళే రోజు కార్డులు అతని భార్య చేతికిచ్చి నియమం చెప్పాను.

"మల్లా తాగితే ఏం జేయల్ల సార్?" అని అడిగింది.

"ఆ గడిలో టిక్కు పెట్టే అవసరం రాకుండా చూసుకోమ్మా," అన్నాను. భలే జవాబు చెప్పానని మురిసిపోయాను కూడా.

కార్డులు నెల తప్పకుండా వచ్చాయి. అన్నిట్లోనూ తాగడం లేదనే టిక్కు. మొదటి ఐదింటి మీద సంతకం వంకరటింకరగా ఉండేది. ఆరోదాని నుంచి అక్షరాలు గుండ్రంగా, కుదురుగా వచ్చాయి. నా సంతోషం ఇంతా అంతా కాదు. పెనుకొండలో జరిగిన సమీక్షలో ఐదో కార్డునూ ఆరో కార్డునూ పక్కపక్కన పెట్టి, చేతి వణుకు ఎట్లా పోయిందో చూడండి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కమిటీలో ఒక పెద్దాయన ఆ మనిషిని కళ్ళారా చూడాలన్నాడు.

పదకొండో కార్డు వచ్చిన వారం ఇద్దరం రైల్లో ధర్మవరం పోయాం. ఇంట్లో మగ్గం గుంత మీద పలకలు పరిచి, వాటి మీద బియ్యం మూట పెట్టి ఉంది. గోడ మీద అతని ఫోటో, దానికి దండ. అతని భార్య మాకు చాప వేసింది.

"ఐదో కార్డు ఏసినాక పోయినాడు సార్. కామెర్లు ముదిరిపాయ," అంది.

"తాగుతూనే ఉన్నాడా?" అన్నాను.

"మీ కాన్నుంచి వచ్చిన రెండో వారం నుంచే. నిజం రాస్తే మల్లా చేర్చుకోరంటిరి గదా. ఎప్పుడన్నా ఆయప్ప బుద్ధి తెచ్చుకోని వస్తానంటే చోటు ఉండల్లని, అట్ల రాపిస్తి."

"పోయినాక ఎందుకు వేశావమ్మా?" అని పెద్దాయన అడిగాడు.

"మా మరిది గూడా తాగుతాడు సార్. ఆయప్ప తాగే పోయినాడని తెలిసి మా ఇంటి పేరు మీ కాడ చెడిపోతే వాన్ని గూడా చేర్చుకోరేమోనని. సంతకం నేనే పెడ్తి." తనే మళ్ళీ అంది. "ఎవురన్నా ఒకసారి వచ్చి చూస్తారేమో అనుకుంటి."

ఆ పదకొండు నెలల్లో మేం ఒక్కసారీ వెళ్ళలేదు. కార్డు వస్తోంది కదా, వెళ్ళాల్సిన పనేముంది? ఇంటింటికీ తిరిగే పని తప్పించడమే ఆ కార్డుల గొప్పతనమని కమిటీ ముందు చెప్పింది నేనే. ఆ చాప మీద కూర్చున్నప్పుడు పుట్టిన సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

లేచి బయలుదేరుతుంటే ఆమె ఫోటో వెనక నుంచి ఒక కార్డు తీసింది.

"ఇంగొకటి మిగిలుండాది సార్. పోస్టులో ఏయల్లనా, ఈడనే ఇయ్యల్లనా?"

చెయ్యి చాపి తీసుకున్నాను. తాగడం లేదన్న గడిలో టిక్కు అప్పటికే పెట్టి ఉంది. కింద చనిపోయిన మనిషి పేరు గుండ్రంగా, కుదురుగా, ఏ వణుకూ లేకుండా ఉంది.