ఆయ్ అనని పిల్ల

మా కోనసీమ పిల్లలకి పాఠం చెప్పడమంత హాయి ఇంకోటి లేదని బయటి జిల్లాల నుంచి వచ్చిన టీచర్లు అంటుంటారు. అల్లరి చెయ్యరు, ఎదురు చెప్పరు, అండీ లేకుండా నోరు మెదపరు అని మురిసిపోతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ మర్యాదతో తల బాదుకున్నదాన్ని నేను. అదీ ఉద్యోగంలో చేరాక కాదు, బీయీడీ చదివే రోజుల్లోనే.

తొంభైల చివర్లో అమలాపురంలో బీయీడీ చేస్తున్నాను. బోధనా పద్ధతులు చెప్పే లెక్చరరు గారు చొక్కా ఇస్త్రీ నలగకుండా కుర్చీలో కూర్చుని, విద్యార్థి కేంద్రిత బోధన గురించి మాకు డిక్టేషన్ ఇచ్చేవారు. "ప్రశ్నించే విద్యార్థియే తరగతి గదికి వెలుగు. ఫుల్‌స్టాప్" అనేవారు. మేం వెలుగు పక్కన చుక్క పెట్టేవాళ్లం. ఎవరైనా తలెత్తితే, "ముందు రాసుకోండమ్మా, డౌట్లు తర్వాత" అనేవారు. ఆ తర్వాత అనేది ఏడాదంతా రాలేదు. గంట కొట్టాక, "అర్థమైందా?" అని అడిగేవారు. మా వైపు అవునని చెప్పడానికి ఆయ్ అంటాం. "ఆయ్ అండీ" అని పుస్తకాలు మూసేసి బస్సు కోసం పరిగెత్తేవాళ్లం.

టీచింగ్ ప్రాక్టీసుకి నన్ను ఓడలరేవు దారిలో ఒక ఊరి హైస్కూలుకి వేశారు. ఆరో తరగతి లెక్కలు. ఆ క్లాసు లెక్కల మేష్టారు రిటైర్మెంటుకి దగ్గరపడిన పెద్దమనిషి. మొదటిరోజే చాక్‌పీసు నా చేతిలో పెట్టి, "కానివ్వండి అమ్మాయిగారూ, మా పిల్లలు బంగారం" అన్నారు. బంగారమే, కాదనను. కదలరు, మెదలరు.

భిన్నాల కూడికతో మొదలుపెట్టాను. బోర్డు నిండా బొమ్మలు వేసి, గొంతు పోయేలా చెప్పి, "అర్థమైందా?" అన్నాను. "ఆయ్ అండీ" అని క్లాసంతా ఒక్కసారే అంది. నా అంతటి టీచరు లేదనుకున్నాను. మర్నాడు అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే ఒక్కరికీ రాలేదు.

"నిన్న అర్థమైందన్నారు కదర్రా?"

"ఆయ్ అండీ."

"మరి ఇవాళ రాలేదేం?"

"ఆయ్ అండీ."

ఇంటికొచ్చి అమ్మ ముందు చిందులు తొక్కాను. అమ్మ చేట కింద పెట్టకుండానే, "పెద్దవాళ్లు అర్థమైందా అని అడిగితే లేదంటారా ఏవిటే? అంత కష్టపడి చెప్పినావిడ చిన్నబుచ్చుకోదూ?" అంది. అదీ సంగతి. వాళ్లు నా మొహం చిన్నబోకూడదని చూస్తున్నారు. లెక్క రాకపోతే పోయింది, టీచరు గారు నొచ్చుకోకూడదు.

ఇక లాభం లేదని క్లాసులో తేల్చి చెప్పేశాను. "రేపట్నించి ఎవరూ ఆయ్ అనకూడదు. అర్థం కాకపోతే అర్థం కాలేదు అనాలి. సరేనా?" అన్నాను. "ఆయ్ అండీ" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకో ఉపాయం చేశాను. ప్రతి ఒక్కరూ రోజుకో ప్రశ్న అడిగి తీరాలన్నాను. అడిగారు, ఎందుకడగరు? "మీది ఏ ఊరండీ?" "బస్సులో సీటు దొరికిందాండీ?" "మజ్జిగ తాగుతారాండీ?" ఒకరి తర్వాత ఒకరు లేచి, చేతులు కట్టుకుని మరీ కుశలమడిగారు.

చివరికి కావాలనే తప్పు రాశాను. ఏడెనిమిదులు యాభై నాలుగు అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, ఎవరు పట్టుకుంటారో చూద్దామని పక్కకి నిలబడ్డాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. గంట కొట్టాక వరండాలోకి వస్తే, చివరి బెంచీలో కూర్చునే అమ్మాయి నా వెనకాలే వచ్చింది. వాళ్ల నాన్న రేవులో పడవ మీదకి వెళ్తాడు. అన్నాళ్లలో ఆ పిల్ల గొంతు విడిగా వినలేదు నేను.

"టీచరుగారండీ, ఏడెనిమిదులు యాభయ్యారండీ."

"మరి క్లాసులో చెప్పలేదేం?"

"మీరు రాసేరు కదండీ. పెద్దోళ్లని తప్పంటే బాగోదండీ."

"మరి పుస్తకంలో ఎంత రాసుకున్నావు?"

"యాభై నాలుగేనండీ."

కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఎలాగైతేనేం, ఒక పిల్ల దొరికింది. ఆ పిల్లతో ఒప్పందం చేసుకున్నాను. రోజూ పాఠంలో ఒక్క 'ఎందుకు' అడగాలి. మొదట్లో వరండాలో అడిగేది, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ. తర్వాత గుమ్మం దగ్గర. ఒకరోజు క్లాసులోనే సగం లేచి, ఏదో అడగబోయి, పక్క పిల్లలు తిరిగి చూసేసరికి కూలబడిపోయింది. వరండాలోంచి బెంచీ దాకా ఆ ప్రశ్నని లాక్కురావడానికి నా ప్రాక్టీసు దాదాపు అయిపోయింది.

ప్రాక్టీసు చివర్లో పరీక్షగా చెప్పే ఫైనల్ లెసన్లో మంచి మార్కులు కావాలని నాకూ ఉంది, అబద్ధమెందుకు. కానీ మార్కుల కంటే నాకు పట్టుకున్న పంతం వేరు. ఆ పిల్ల క్లాసు మధ్యలో నిలబడి, అందరూ వింటుండగా అర్థం కాలేదండీ అనాలి. ఒక్కరంటే చాలు, మిగతా నోళ్లు వాటంతటవే తెరుచుకుంటాయని నా నమ్మకం.

మేష్టారి పద్ధతి వేరు. పొద్దున్నే వాళ్లింటి అరుగు మీద ట్యూషన్ చెప్పేవారు. ఒకరోజు చూద్దామని వెళ్లాను. భిన్నాల భాగహారం నడుస్తోంది. పిల్లలు ముందుకీ వెనక్కీ ఊగుతూ, "గుర్తు మార్చు, తిరగెయ్యి, గుణించు" అని రాగం తీస్తున్నారు. ఆయన అంకెలు చెప్పడం ఆలస్యం, పలకల మీద జవాబు పడిపోతోంది. ఒక్క తప్పు లేదు. అదే నాకు ఎక్కడలేని మంట. నా బొమ్మలతో రానిది ఆ రాగంతో వచ్చేస్తోంది.

"ఎందుకు తిరగెయ్యాలో వాళ్లకి తెలుసాండీ మేష్టారూ?" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "ఎందుకో తెలిస్తే ఎంత, తెలీపోతే ఎంతమ్మా. సైకిలు తొక్కేవాడికి చైను సంగతి ఎందుకు చెప్పండి? తిరగేస్తే మార్కొచ్చేస్తుంది" అన్నారు.

చైను ఊడినప్పుడు ఏం చేస్తాడండీ అని నాలిక చివరిదాకా వచ్చింది. "ఆయ్" అని కాఫీ తాగి వచ్చేశాను.

నాకు ఫైనల్ లెసన్‌కి పడింది కూడా ఆ భాగహారమే. రెండు కొబ్బరికాయలు సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఒక కాయలో సగాలు ఎన్ని అంటే మా వైపు ఏ పిల్లయినా రెండు చిప్పలు అని చెబుతుంది. రెండు కాయల్ని సగంతో భాగిస్తే నాలుగు చిప్పలు వస్తాయి. కళ్లెదురుగా కొట్టి చూపిస్తే ఇక రాగం ఎందుకు?

పరీక్షకి బయటి కాలేజీ ఆయన ఒకరు, మా లెక్చరరు గారు ఒకరు వచ్చారు. బయటాయన బొండాం తాగి స్టాఫ్ రూములోనే ఫ్యాను కింద ఉండిపోయారు. మా లెక్చరరు గారు నా సంచిలోకి తొంగి చూసి, "కాయలేంటమ్మా, ఇదేమన్నా గుడా? చార్టు లేదా?" అన్నారు. చార్టు ఉంది. తగిలించాను. కాయలు బల్ల కిందకి వెళ్లాయి. ఆయన గుమ్మం పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

పాఠం మొదలుపెట్టాక నాకు ఏదో తేడాగా అనిపించింది. నేను ప్రశ్న సగం అడిగేసరికే క్లాసంతా జవాబు చెప్పేస్తోంది. ఒక ప్రశ్న కావాలని దాటేసి ముందుకు వెళ్తే, వాళ్లు దాటేసిన ప్రశ్నకి కూడా జవాబు చెప్పేశారు. తలుపు దగ్గర మేష్టారు నిలబడి నవ్వుతున్నారు. ముందురోజు సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి, నేను సంతకానికిచ్చిన లెసన్ ప్లాన్‌లో ప్రశ్నలన్నీ వరసగా వల్లె వేయించారట. "పాపం అమ్మాయిగారికి మంచి మార్కులు పడాలి, ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యకండర్రా" అని కూడా చెప్పారట. ఎంత మంచి మనిషి! తిట్టడానికైనా వీల్లేని మంచితనం అది.

అయినా అడగాల్సింది అడిగాను. "అర్థమైందా?"

"ఆయ్ అండీ."

ఆ శబ్దం ఆగాక చివరి బెంచీలోంచి ఆ పిల్ల లేచింది. పూర్తిగా నిలబడింది. మేష్టారి వంక చూడలేదు.

"అర్థం కాలేదండీ" అంది. "భాగిస్తే తగ్గాలి కదండీ. పెరిగిందెందుకండీ?"

నా ప్రాణం లేచొచ్చింది. ఇరవయ్యేళ్లు దాటాయి, నా క్లాసులో అంత మంచి ప్రశ్న మళ్లీ వినలేదు. తర్వాత మాకు ఎన్నో ట్రైనింగులు ఇచ్చారు. చప్పట్లు కొట్టించారు, పాటలు పాడించారు, గుండ్రంగా నిలబెట్టి బంతులు విసిరించారు. చివర్లో, "టీచర్స్, అర్థమైందా?" అంటే పంతుళ్లమూ పంతులమ్మలమూ కలిసి ఆయ్ అన్నాం. ఆ పిల్లలా లేచి నిలబడ్డవాళ్లు ఒక్కరూ లేరు, నాతో సహా.

ఆ రోజు మాత్రం గబగబా బల్ల కింద నుంచి కాయ తీసి, గుమ్మం దగ్గరికి వెళ్లి కొట్టాను. నీళ్లు నా చీర మీద పడ్డాయి. పిల్లలు నవ్వారు, నిజంగా నవ్వారు. రెండు చిప్పలూ ఎత్తి పట్టుకుని, "ఇవి ఎన్ని?" అన్నాను. "రెండండీ" అంది ఆ పిల్ల. "కాయలు ఎన్ని?" "ఒకటండీ." ఆ పిల్ల కనుబొమలు పైకి లేచాయి. ఇంకొక్క మాట చాలు. వచ్చేస్తోంది.

"చాల్లెండమ్మా" అన్నారు లెక్చరరు గారు, చేతి రుమాలుతో బూటు మీద పడ్డ కొబ్బరినీళ్లు తుడుచుకుంటూ. కుర్చీలోంచి లేచారు. ఆయన కుర్చీలోంచి లేవడం నేను చూసింది అప్పుడే. "పాఠం అంతా అయ్యాక పిల్ల లేచి అర్థం కాలేదందంటే లోపం ఎక్కడుందంటారు? ప్రణాళికలో లేని ప్రశ్నని క్లాసులోకి రానివ్వకూడదు. గుర్తు మార్చి తిరగేసి గుణించడమే, అందులో పెరగడం తగ్గడం ఏముంది? ఏవమ్మా, అర్థమైందా?"

అడిగింది నన్ను. పిల్లలందరి ముందూ అడిగారు. చేతిలో రెండు చిప్పలు, చీరంతా తడి. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది, నా మొహంలోకే చూస్తోంది. నేనేమంటానో వినాలని క్లాసంతా చూస్తోంది. ప్రశ్నించే విద్యార్థియే వెలుగని మీరే కదండీ రాయించారు అని అడగొచ్చు. అర్థం కాలేదండీ అని ఒక్క ముక్క అనొచ్చు. వరండాలోంచి బెంచీ దాకా ఆ పిల్లకి నేను నేర్పింది ఆ ముక్కే.

"ఆయ్ అండీ" అన్నాను.

లెక్చరరు గారు తలూపి, పెన్ను తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు. నా వంక ఇంకాసేపు చూసి, "ఆయ్ అండీ" అని మెల్లగా తనంతట తనే అని కూర్చుంది.