కంప్యూటరు చెప్పిన బాడుగ

తిరుపతి కొర్లగుంటలో ఇల్లు కావాలంటే జనం ముందు ఏకాంబరాన్నే వెతుక్కునేవాళ్లు. పేరుకు ఇళ్ల బ్రోకరే గానీ, యజమానినీ బాడుగకొచ్చేవాళ్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి కాఫీ చల్లారేలోగా బేరం తెంచేవాడు. పిల్లలు గలవాళ్లయితే ఇంకాస్త తగ్గించమని యజమాని ప్రాణం తోడేసేవాడు. కొత్తింట్లో పాలు పొంగించిన రోజు మొదటి గ్లాసు ఆయనదే.

రెండువేల ఐదులో మేనల్లుడు హరినాథ్ ఆయన అంగట్లో కంప్యూటరు పెట్టాడు. యజమానులు ఒక్కొక్కరే వచ్చి తమ బాడుగ చెబితే, అన్నీ కలిపి చూసి ఎవరెంత అడగాలో అదే చెప్పేది. ఇల్లు ఖాళీగా ఉన్నా సరే, తగ్గించొద్దనేది. గొంతు చించుకునే పని తప్పిందని మురిసిపోయాడు ఏకాంబరం, పిచ్చిమారాజు. ఏడాది తిరిగేసరికి పేటలో ఏ గడప తొక్కినా అదే బాడుగ.

పూలు కట్టి అమ్మే దేవకమ్మకు వరదయ్య ఇల్లు కుదిర్చింది ఏకాంబరమే. వరదయ్య బాడుగ పెంచగానే ఆమె పరుగున వచ్చింది.

"అన్నా, తెల్లారకముందే పూలంగడికి పోవాల. ఈ ఊరొదిలితే నా బతుకేం గాను? ఆయప్పకు ఒక్కమాట సెప్పు."

చెప్పాడు. "నాదేముండాదప్పా, నీ కంప్యూటరే కదా సెప్పింది!" అన్నాడు వరదయ్య.

యజమానులంతా ఒక్కటై బాడుగలు పెంచేశారని బాడుగకుండేవాళ్లంతా కలిసి అర్జీ పెట్టారు. బాడుగ తగాదాలు చూసే ఆఫీసరు ఏకాంబరాన్ని పిలిపించాడు.

"యజమానులంతా ఒకచోట కూర్చుని కూడబలుక్కున్నారా?"

"లేదు సార్. ఎవరికి వాళ్లే వచ్చిపోయినారు."

అబద్ధమేమీ లేదు. అందరి మాటలూ ఆ పెట్టెలోనే కలిశాయని నోటిదాకా వచ్చింది. పక్కనే ఉన్న హరినాథ్ మొహం చూసి మింగేశాడు.

"అయితే ఎవరిని పట్టుకునేది? కంప్యూటరుకు నోటీసివ్వమంటారా? అట్లాంటి రూలు లేదు" అని ఆఫీసరు అర్జీ కొట్టేశాడు.

దేవకమ్మ పుత్తూరులో ఇల్లు చూసుకుంది. సామాన్ల వ్యానును అంగడి ముందు ఆపించి దిగింది.

"ఈడ దిగినప్పుడు మొదటి గ్లాసు నీకే ఇచ్చినా కదన్నా. ఆడ శుక్రవారం పాలు పొంగించాల. నువ్వు రావాల."

ఎత్తిపొడుపేమో అని మొహంలోకి చూశాడు. మనస్ఫూర్తిగానే పిలుస్తోంది.

శుక్రవారం ఏకాంబరం పుత్తూరు పోలేకపోయాడు. అంగట్లోనే కూర్చున్నాడు. వరదయ్య ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. బిడ్డను చంకనేసుకుని ఒకాయన వచ్చి ఆ ఇంటి గురించే అడిగాడు.

"కొంచెం తగ్గించి ఇప్పించన్నా."

కూర్చోప్పా, వరదయ్యను పిలిపిస్తా అని చెప్పాలనుకున్నాడు ఏకాంబరం. చెయ్యి మాత్రం కంప్యూటరు మీదికే పోయింది.