ఎర్ర నీడ వేసిన లీస్‌బెట్

బెర్లిన్ శివార్లలో, అద్దాల పైకప్పు ఉన్న సినిమా స్టూడియోలో ఆరేళ్లుగా జిగురు ఉడకబెడుతోంది లీస్‌బెట్ ప్రోస్కె. రంగుల్లో కలిపే ఎముకల జిగురు. ఆ వాసనకి ట్రాములో ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. మొగుడు ఇళ్లకి సున్నాలు, రంగులు వేసేవాడు. యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. అతనితో పాటు పన్నెండేళ్లు నిచ్చెనలెక్కిన మనిషి ఆమె. కుంచె పట్టుకోవాలని చెయ్యి లాగేది. అడిగినప్పుడల్లా రంగుల మేస్త్రీ కున్‌ట్సె మీసం దువ్వుకుంటూ, "నీ జిగురు మాడుతోందమ్మా, పో" అనేవాడు.

ఆ ఏడు కొత్త సినిమా మొదలెట్టారు. సమాధిలోంచి లేచిన ముసలి దొర ఊరి మీద పడే కథ. గోడలు ఒరిగిపోయి, కిటికీలు వంకరపోయి, ఇళ్లన్నీ తాగి తూలుతున్నట్టు వేయించాడు డైరెక్టరు రాత్‌ముండ్. కరెంటు చాలదు. అందుకని నీడల్ని కూడా గుడ్డ గోడల మీద రంగుతోనే వేసేవాళ్లు. దెయ్యం మెట్లు దిగే చోట, దానికన్నా ముందు దాని గోళ్ల నీడ గోడ మీద పాకాలి. కథకి ప్రాణమంతా అదే.

కున్‌ట్సె ముప్పై ఏళ్లు నాటకశాలలో పనిచేసి, ఈ మధ్యనే సినిమాకొచ్చాడు. నాటకంలో రాత్రి నీడంటే నీలమే. చక్కటి ముదురు నీలంతో గోళ్లు దింపాడు. చూసినవాళ్లంతా ఆహా అన్నారు.

"మేస్త్రీ, నీలం ఫిల్ములో తెల్లబడుతుంది" అంది లీస్‌బెట్.

"ఎవరు చెప్పారు? నీ జిగురు కుండా?"

"నా ఏప్రనే చెప్పింది. గుంపు సీనులో జనం తక్కువైతే నన్నూ నిలబెట్టారు కదా, ఈ నీలం ఏప్రనుతోనే. తెర మీద చూస్తే ఆసుపత్రి నర్సులా తెల్లగా ఉన్నా."

అందరూ నవ్వారు. కున్‌ట్సె మాత్రం నవ్వలేదు. "ముప్పై ఏళ్లు రంగులు కలిపిన నాకు ఏప్రను పాఠం చెబుతుందా!"

ఆ సీను తీసి, మర్నాడు పొద్దున తెర మీద వేసి చూస్తే గోడ బోసిగా ఉంది. గోళ్లు లేవు. ముసలి దొర బోడి మెట్ల మీద, ఉత్తరం పోస్టు చేయడానికి వెళ్తున్నవాడిలా దిగుతున్నాడు.

రాత్‌ముండ్ టోపీ నేలకేసి కొట్టాడు. దొర వేషం వేసే నటుడు సాయంత్రం రైలుకి వియన్నా వెళ్లిపోతున్నాడు. రేపటి నుంచి స్టూడియో వేరే సినిమావాళ్లకి అద్దెకిచ్చేశారు. కున్‌ట్సె గబగబా ఇంకా ముదురు నీలం కలపడం మొదలెట్టాడు. లీస్‌బెట్ ఇక ఆగలేకపోయింది. నేరుగా డైరెక్టరు ముందుకెళ్లి నిలబడింది.

"అది పనికిరాదండీ. ఎరుపు వెయ్యాలి. ఇటుక ఎరుపు. నటుల పెదాల ఎరుపు చూడండి, ఫిల్ములో బొగ్గులా నల్లగా వస్తుంది."

"కాకపోతే?"

"రేపట్నుంచి జిగురుక్కూడా రాను."

రాత్‌ముండ్ ఆమె చేతుల వంక చూశాడు. "ఎంతసేపు పడుతుంది?"

"నాలుగు గంటలు. నిచ్చెన దగ్గర ఎవరూ నన్ను కదిలించకూడదు."

కింది నీలం కరిగి పైకి రాకుండా రంగులో జిగురు కాస్త ఎక్కువే పోసింది. నిచ్చెనెక్కింది. కొంగల ముక్కుల్లా పొడవాటి గోళ్లు, ఒక్కోటి ఒక్కో మెట్టు మింగుతున్నట్టు దింపింది. కింద నిలబడి చూస్తే ఎర్రగా అసహ్యంగా ఉంది.

"కసాయి కొట్టు తెరిచావా, లీస్‌బెట్?" అరిచాడు వడ్రంగి నాట్కె.

"నోరు మూసుకుని నిచ్చెన పట్టుకోరా! నేను పడితే నీ మీదే పడతా."

అద్దాల్లోంచి ఎండ బాగా ఉండగానే, రెండింటికి తీశారు. నటుడు రైలెక్కేశాడు. కడిగిన చేతుల్నే మళ్లీ మళ్లీ కడుక్కుంది లీస్‌బెట్.

పొద్దున చిన్న గదిలో తెర వెలిగింది. మెట్లు. తెల్లటి గోడ. దాని మీద తారులాంటి గోళ్లు, దొర ఇంకా రాకముందే. నాట్కె నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. కున్‌ట్సె లేచి, "నేనైతే చెయ్యలేను దీన్ని" అన్నాడు, అందరికీ వినబడేలా. మనిషి పొగరుబోతే గానీ అబద్ధాలకోరు కాడు. "రేపట్నుంచి నిచ్చెన మీద పని నీది. జిగురుకి ఇంకెవర్నన్నా చూస్తా."

"మాడనివ్వని మనిషిని చూడండి, మేస్త్రీ" అంది లీస్‌బెట్.

సినిమా విడుదలయ్యాక ఆదివారం మధ్యాహ్నం ఆటకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్లింది. తెర పక్కన వాయిస్తున్న పియానో ఆగింది. గోళ్లు పాకాయి. హాలంతా కెవ్వుమంది. పక్కనున్న లావుపాటి ఆవిడ లీస్‌బెట్ చెయ్యి పట్టుకుని ఎముకలు విరిచినంత పని చేసింది.

"దేవుడా, ఏమిటమ్మా అది!"

"బాగుందా? అది వేసింది నేనే" అంది లీస్‌బెట్ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ.

ఆవిడ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. చెయ్యి వదిలేసింది. సంచీ, టోపీ తీసుకుని రెండు వరసలు వెనక్కి వెళ్లి కూర్చుంది.

లీస్‌బెట్ ఆ ఖాళీ కుర్చీలోకి కూడా కాస్త జరిగి, కాళ్లు బారజాపుకుని మిగతా సినిమా చూసింది.