రొయ్యల గుంటలో పచ్చరంగు

మా పెదనాన్న భాస్కరయ్య రొయ్యల గుంటలో పట్టుకు వేసే పచ్చరంగు పోశాడని ధర్మవరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ముప్పై ఏండ్లు అద్దకం చేసినోడు గదప్పా! నీళ్ళు పచ్చగా ఉండాలని డబ్బా ఒంపేసినాడంట. రొయ్యల్ని చీరలనుకున్యాడేమో!" అని టీ అంగడి దగ్గర నవ్వుతారు. నేను తల వంచుకుని ఆ అంగడి ముందు నుంచే పాలకు పోతాను.

రంగుల ఆవిరికి పెదనాన్నకు దగ్గు పట్టుకుంది. మళ్ళీ అద్దకం షెడ్డులో అడుగు పెట్టకూడదని ఇంట్లో ఉన్న మగ్గం కూడా అమ్మేసి, పెనుకొండ దారిలో ఉప్పునీళ్ళ బోరున్న చేనులో గుంట తవ్వించాడు. అప్పటికే బడి మానేసిన నేను మేత చల్లడానికి తోడు పోయేదాన్ని.

నీళ్ళలో కంటికి ఆనని నాచు పెరిగితే రొయ్యపిల్లలకు అదే తిండి. దానికోసం పెద్దమ్మ చౌడేశ్వరి తవుడు, బెల్లం, చెనిక్కాయ పిండి డ్రమ్ములో పులియబెట్టి పోసేది. నీళ్ళు మెల్లగా లేతపచ్చకు తిరిగాయి. పిల్లలు బాగానే ఎదుగుతున్నాయి.

పెదనాన్నకే నచ్చలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని దోసిట్లో నీళ్ళు పట్టి చూసేవాడు.

"ఇదీ ఒక రంగేనా మే? వెలిసిన చీర మాదిరి ఉండాది."

"నాకు పచ్చగానే కనపడతాండాది. ఊరికే ఉండయ్యా."

"నాకే రంగు చెప్తాండావా నువ్వు?"

పెద్దమ్మ లేచి డ్రమ్ము కలపడానికి పోయింది.

అంగడి నుంచి యూరియా, సూపర్ ఫాస్ఫేట్ తెచ్చి చల్లాడు. అద్దకంలో రంగు చాలకపోతే ఇంకోసారి ముంచినట్టే మళ్ళీ చల్లాడు. నీళ్ళు ఆకుపసరులా చిక్కబడ్డాయి. "ఇంగా రాలేదు" అన్నాడు. పెద్దమ్మ నా ముఖం చూసింది.

మబ్బు పట్టిన రోజు గడిచి తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలాయి. నాచు మితిమీరితే రాత్రిపూట నీళ్ళలోని గాలంతా అదే పీల్చేస్తుందని తర్వాత తెలిసింది. చూడవచ్చిన జనానికి పచ్చటి నీళ్ళే కనపడ్డాయి. రంగు పోశాడన్న పుకారు అక్కడే పుట్టింది.

చేసేది లేక పెదనాన్న మళ్ళీ షెడ్డుకే పోయాడు. ఇదివరకు కొలతల అలవాటు మీదే రంగు కలిపేవాడు; ఈసారి సావుకారు మచ్చుకు ఒక పోగు ఇచ్చి అదే పచ్చ తెమ్మన్నాడు. వచ్చిన రంగు చూసి, "తాగొచ్చినావేమప్పా?" అని బయటికి పంపేశాడు. పెదనాన్న జీవితంలో కల్లు కూడా ముట్టలేదు.

ఆ మాటకే నాకు అనుమానం వచ్చి ఆయన్ను హిందూపురంలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయి ఉన్నాయి. ఆయనకు రంగులు సరిగ్గా కనపడి చాలా ఏళ్ళయి ఉంటుందన్నాడు డాక్టరు.