అందరికంటే తక్కువ ఎర్రర్లు నావే

పరువు పోగొట్టుకోవడానికి కొందరికి నోరు చాలు. నాకు నోటితోపాటు పెద్ద టీవీ, ల్యాప్‌టాప్, రంగురంగుల గ్రాఫ్ కూడా కావలసి వచ్చాయి. పామర్‌స్టన్ నార్త్‌లో మా బేస్‌బాల్ క్లబ్బువాళ్లంతా సాసేజీలు తింటుండగా నన్ను నేనే ఎలా ఉతికి ఆరేసుకున్నానో చెబుతాను. మీరు నిదానంగా నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

గుంటూరులో క్రికెట్ ఆడిన చేతులు ఇక్కడికొచ్చాక బేస్‌బాల్ గ్లవ్‌లోకి దూరాయి. నేను షార్ట్‌స్టాప్‌ని. అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి, నేలబారుగా దూసుకొచ్చే బంతుల్ని ఆపేవాణ్ని. చేతికందిన బంతిని జారవిడిస్తే స్కోరర్ మన పేరు మీద ఎర్రర్ రాస్తాడు. ఆ లెక్కలు ఫోన్లో అందరికీ కనిపిస్తాయి. నేను చేరినప్పటినుంచీ బేస్‌ల దగ్గర కాపుకాసే మా ఇన్‌ఫీల్డర్లందరిలో తక్కువ ఎర్రర్లు నావే. నాతో వంతులవారీగా అదే చోట ఆడే జేసన్‌వి అందరికంటే ఎక్కువ.

అయినా ఆక్లాండ్ టోర్నమెంటుకి మా కోచ్ అప్పన్న అంకుల్ జేసన్‌ని ఎంచుకుని, నన్ను బెంచీ మీద కూర్చోమన్నారు. నేనేమో అదే ఊళ్లో మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండే బావమరిదికి, కుటుంబమంతా వచ్చి నా ఆట చూడండని ముందే డప్పు కొట్టేశాను.

ఇక నాకు ప్రతిదీ అనుమానమే. అప్పన్న అంకుల్ ఫిజీ తెలుగాయన. తాతలది విశాఖ వైపు. సాటి తెలుగువాణ్ని కాదని జేసన్‌ని నెత్తిన పెట్టుకోవడమేమిటి? ఒక సాయంత్రం ఆయన ఇంటి ముందు జేసన్ కారు కనబడింది. నా కారు కాస్త దూరంగా ఆపి, సీట్లో కిందికి జారి చూశాను. జేసన్ డిక్కీలోంచి బరువైన సంచీ తీసి అంకుల్ చేతిలో పెట్టాడు. ఆయన అటూ ఇటూ చూసి లోపలికి వెళ్లిపోయారు.

మా ఆవిడ సునీత నర్సు, దేనికీ కంగారుపడదు. ఇంటికెళ్లి ఆమె చెవిలో వేశాను.

"లంచం."

"ఫీజోవా పళ్లయి ఉంటాయి. ఈ సీజన్లో ఎవరి చెట్టు పళ్లు వాళ్లు ఊరంతా పంచుతారు. మన గుమ్మంలోనూ ఒక సంచీ ఉంది. అదెవరి లంచం?"

"మరి ఆయన అటూ ఇటూ ఎందుకు చూశారు?"

"కార్లో ఒక మనిషి నక్కి కూర్చుంటే ఎవరైనా చూస్తారండీ. మిమ్మల్ని టీములోకి ఎందుకు తీసుకోలేదో ఫోన్ చేసి ఆయన్నే అడగొచ్చుగా?"

"అడిగితే నిజం చెబుతారా ఏంటి?"

ఆ ఆదివారం క్లబ్బులో బార్బెక్యూ. తినేవాళ్లను తిననివ్వకుండా టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి గ్రాఫ్ పెట్టాను. జేసన్ ఎర్రర్లు ఎర్ర గీతలో తాటిచెట్టంత. నావి కిందెక్కడో గడ్డిపరక. అప్పన్న అంకుల్ సాసేజీ నములుతూ దగ్గరికొచ్చి చూశారు.

"బాగుందబ్బాయ్. నువ్వే గీశావా?"

"అవునంకుల్. అంకెలు ఎవరి మొహమూ చూడవు కదా."

"చూడవు. మరి ఎవరెన్ని బంతులకి చెయ్యి పెట్టారో, ఆ లెక్కేది?"

"అది అనవసరమని తీసేశానంకుల్."

"ఒకసారి పెట్టు."

పెట్టాను. జేసన్ గీత ఇంటికప్పు దాకా పోయింది. నాది నేల మీదే కూలబడింది.

"ఆ పిల్లాడు అంత దూరం పరిగెత్తి, పడి, దొర్లి బంతికి చెయ్యి పెడతాడు. కొన్ని జారిపోతాయి. నువ్వు పక్కనించి పోయే బంతికి దారిస్తావు. ముట్టుకోని బంతికి ఎర్రర్ ఎవరు రాస్తారు?"

"పక్కకి పోయే బంతిని వదిలెయ్యమని గుంటూరులో మా సార్ నేర్పారంకుల్."

"అది బ్యాట్ పట్టుకున్నప్పుడు, నాయనా."

ఎవరో కిసుక్కున నవ్వారు. నా మొహం టమాటా సాస్‌లా అయిపోయింది. చివరి ఆశగా సునీత వైపు తిరిగాను.

"ప్రతి మ్యాచూ చూశావుగా. నువ్వైనా చెప్పు."

"ఈయన చాలా జాగ్రత్త అంకుల్," అంది సునీత. "పెళ్లయినప్పటినుంచీ ఈయన చేతిలో ఒక్క గిన్నె కూడా పగల్లేదు. సింకు దగ్గరికి వస్తే కదా."

అప్పన్న అంకుల్ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డారు. జేసన్‌కి తెలుగు రాదు. ఎవరో పుణ్యాత్ములు ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు కాబట్టి వాడూ నవ్వాడు. ఆక్లాండ్‌లో బావమరిది కుటుంబమంతా వచ్చింది. బెంచీ మీద నేను కూర్చున్న తీరు చాలా బాగుందని మెచ్చుకుని వెళ్లింది.

తిరిగొచ్చిన రోజే గిన్నెలు తోమడానికి దిగి, సునీతకి ప్రాణమైన గాజు గిన్నె పగలగొట్టాను. ఆమె ముక్కలు ఊడుస్తూ, "పోనీలెండి, చెయ్యి పెట్టారు," అంది.

అందుచేత, పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ పట్టికలోనైనా నా పేరు అందరికంటే పైన కనబడితే, ఈ జన్మలో ఇక ముందుగా అనుమానించేది నన్నే.